ఘాటు వాసన కాదు

పాలు పొంగి, మాడి, గిన్నె అడుగంటి, పక్కింటావిడ వచ్చి తలుపు బాదేదాకా నాకు తెలియలేదు. నేనేమన్నా ఎక్కడో ఉన్నానా అంటే, అదీ లేదు. వంటింటి గుమ్మం పక్కనే కూర్చుని ఇంటర్ పిల్లల జువాలజీ పేపర్లు దిద్దుతున్నాను. “ఏంటండీ, మెట్ల దాకా మాడు కంపు కొడుతోంది, మీరు ఇంట్లోనే ఉన్నారా?” అంది ఆవిడ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. స్టవ్ కట్టేసి, గిన్నెలోకి తల వంచి గట్టిగా గాలి పీల్చాను. మొహానికి వేడి తగిలింది. అంతకు మించి ఏమీ లేదు.

అప్పటికి జ్వరం తగ్గి రెండు మూడు వారాలయింది. ఊళ్ళో అందరికీ వచ్చిపోయాక, ఇక దాని పీడ విరగడైందని జనం మాస్కులు అవతల పారేశాక, తీరిగ్గా నా దగ్గరికొచ్చింది ఆ మాయదారి కరోనా. నోటికి రుచి లేకపోతే జ్వరం పడ్డ నోరు గదా, నాలుగు రోజులుంటే అదే వస్తుందనుకున్నాను. పోయింది నోరు కాదు ముక్కు అని మాడిన పాలగిన్నె చెప్పింది.

నిజం చెప్పాలంటే ముందు నాకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఏళ్ళ తరబడి బోర్డు మీద ముక్కు బొమ్మ గీసి, వాసన ఎక్కడ తగులుతుంది, అక్కడి నుంచి మెదడుకి ఏ దారిన పోతుంది అని బాణం గుర్తులు పెట్టి మరీ చెప్పినదాన్ని. ఆ బొమ్మ తప్పు గీసిన పిల్లలకి మార్కులు కోసినదాన్ని. అలాంటిదాని ముక్కే చెప్పాపెట్టకుండా మూతపడింది. ఆ సాయంత్రం ఇల్లంతా తిరిగాను. ఇంగువ డబ్బా, ఫినాయిల్ సీసా, అగరొత్తులు, చెత్తబుట్ట, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. అన్నీ ఒకటే. గాలి.

మా ఆయనకి గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు. ఆయన చొక్కా ఎన్ని ఉతుకులు ఉతికినా మిరపకాయ వాసన వదలదు. ఆ చొక్కా విప్పీ విప్పకముందే లాక్కుని మొహానికి ఆనించుకున్నాను. ఆయన బిత్తరపోయాడు. “ఏవిటోయ్, పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత ప్రేమ చూడలేదు!” అన్నాడు. “ప్రేమా లేదు దోమా లేదు. ముక్కు పోయింది,” అన్నాను. ఆయనకి అర్థమయ్యేసరికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక ఊరుకున్నాడా? “ముక్కు పోయినా ముక్కు మీద కోపం మాత్రం చెక్కు చెదర్లేదు,” అన్నాడు.

ఆ రాత్రి అన్నంలో అమ్మ పంపిన పండుమిరపకాయ పచ్చడి కలుపుకున్నాను. నాలిక మండింది, పుల్లగా తగిలింది, ఉప్పగా తగిలింది. కానీ అది అమ్మ పచ్చడి కాదు. ఎవరిదైనా కావచ్చు. అప్పుడు భయం వేసింది.

భయం ఎందుకో చెప్పాలి. మా అమ్మ అద్దంకి వైపు మా ఊళ్ళో తమ్ముడి దగ్గర ఉంటుంది. డెబ్భై అయిదు దాటింది. ఏటా మాఘమాసంలో మిరపతోటలు ఎర్రబడ్డాక, కాయ ఎండకముందే పండుకాయ కోయించి ఆవిడ పచ్చడి పెడుతుంది. మా ఇళ్ళన్నింటికీ ఏడాది పొడుగునా అదే. ఆ పచ్చడికి కొలతల్లేవు. ఎన్నిసార్లు అడిగినా “వాసన చూసి వెయ్యాలే” అనేది. పచ్చడి మూడోనాడు అడుగు నుంచి మళ్ళీ కలిపి తిరగదీసేదాకా దాన్ని నాలిక మీద పెట్టకూడదు, ఎంగిలి తగిలితే బూజు పడుతుందని ఆవిడ పట్టింపు. పెట్టినా లాభం లేదు, పచ్చికారం నోటిని కాల్చేస్తే ఉప్పు ఎంతుందో ఎవడికి తెలుస్తుంది? అందుకని జాడీలోకి వంగి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి ఊపిరి లాగి, “ఇంకో గుప్పెడు పడుద్ది” అనేది. ఆ గుప్పెడు వేస్తే సరిగ్గా సరిపోయేది. ఒక్క ఏడు కూడా తప్పలేదు.

ఆ ఏడు వేసవిలోనే అమ్మ అంది: “నా మోకాళ్ళు ఇంక వంగవే. వచ్చే మాఘానికి నువ్వే కలపాలి. నేను పక్కన కూర్చుంటా. ఈసారి కూడా సెలవు లేదంటే నాతో పాటే పోయిద్ది ఈ పచ్చడి.” ఏళ్ళ నుంచి పరీక్షలనీ, వాల్యుయేషన్ అనీ వాయిదా వేస్తూ వస్తున్న నేను, ఈసారి తప్పక వస్తానని మాటిచ్చాను. వాసన చూసి నేర్చుకోవాల్సిన విద్య అది. నా దగ్గర ముక్కు లేదు. మాఘమేమో తరుముకొస్తోంది.

బ్రాడీపేటలో ముక్కు, చెవి, గొంతు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్నపిల్ల, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసుంటుంది. మందు రాస్తుందనుకుంటే వ్యాయామం చెప్పింది. “ఇంట్లో దొరికే నాలుగు వాసనలు ఎంచుకోండి మేడం. చిన్న డబ్బాల్లో పెట్టుకుని పొద్దునా సాయంత్రం చూడండి. మెల్లగా పీల్చాలి. పీల్చేటప్పుడు ఆ వాసన అంతకు ముందు ఎలా ఉండేదో గట్టిగా గుర్తు తెచ్చుకోవాలి. వాసన రాకపోయినా సరే, మానకూడదు. నెలలు పడుతుంది.”

“నెలలా?” అన్నాను.

“కొందరికి ఇంకా ఎక్కువ పట్టొచ్చు,” అంది నవ్వుతూ.

ఆ పిల్లకి నా సంగతి తెలియదు. ఆంధ్రులు ఆరంభశూరులని అంటారే, ఆ మాట ఎవరన్నారో గానీ నన్ను చూసే అని ఉంటారు. నేను కొన్న వాకింగ్ బూట్లు చెప్పుల స్టాండులో కొత్తవి కొత్తగానే ఉన్నాయి. యోగా చాప మీద అప్పడాలు ఎండబెట్టాను. హిందీ మాట్లాడడం నేర్చుకుంటానని ఫోన్‌లో వేసుకున్న పాఠాలు “నమస్తే” దగ్గరే ఆగిపోయాయి. ఏ పనైనా మొదటి వారం నన్ను పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. రెండో వారం నేను ఎవరికీ కనపడను.

అయినా డబ్బాలు సర్దాను. ఒకదాంట్లో లవంగాలు. ఒకదాంట్లో నిమ్మతొక్క. మూడోది కాఫీ పొడి. నాలుగోది ఏం పెట్టాలి? ఆ పిల్ల గులాబీ, యూకలిప్టస్ అని ఏవో చెప్పింది. గులాబీలు వాసన చూస్తూ కూర్చునే తీరిక ఎవరికుందండీ? చేతికి అందేది పెట్టుకోమంది గదా అని యార్డు నుంచి వచ్చిన ఎండుమిరపకాయలు నలిపి పోశాను. గుంటూరు దాన్ని, మిరపకాయ లేకుండా ఒక పని మొదలుపెడతానా?

పొద్దున్నే పళ్ళు తోముకుని, కాఫీ తాగకముందు, బల్ల దగ్గర కూర్చునేదాన్ని. లవంగం పీల్చి, మా పిన్ని తాంబూలం గుర్తు చేసుకునేదాన్ని. శూన్యం. నిమ్మతొక్క. శూన్యం. కాఫీ. శూన్యం. ఇక మిరపకాయ డబ్బా మూత తీస్తే, అబ్బ! ముక్కు లోపల చురుక్కుమనేది, కళ్ళు చెమర్చేవి, ఒక తుమ్ము. ఆ తుమ్ముకి నాకు ప్రాణం లేచొచ్చేది. మూడూ చచ్చినా నాలుగోది బతికి ఉంది గదా. రానురానూ ఆ ఘాటు ఇంకా బాగా తెలుస్తోందని కూడా అనిపించింది. దీపావళికి అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా. “అమ్మా, వచ్చేసింది. మిరపకాయ వాసన పూర్తిగా తెలుస్తోంది. మిగతావీ వచ్చేస్తాయి. పచ్చడికి కావలసింది ఎలాగూ మిరపకాయేగా!”

“వచ్చిద్దిలే, నాకు తెలుసు,” అంది అమ్మ. స్టాఫ్ రూములో కూడా డప్పు కొట్టుకున్నాను. నాతో పనిచేసే ఆవిడ షుగరుకి నడక మొదలుపెట్టి మానేసింది. ఆవిడకి పట్టుదల గురించి ఒక పూట క్లాసు పీకాను.

ఒక ఆదివారం పొద్దున, యథాప్రకారం కూర్చున్నాను. లవంగం, నిమ్మ, కాఫీ అయ్యాయి. మిరపకాయ డబ్బా తీసి పీల్చాను. ఏమీ లేదు. మళ్ళీ పీల్చాను. తుమ్ము లేదు, చురుక్కు లేదు, కంట్లో తడి లేదు. ఉన్న ఒక్కటీ పోయింది. “ఏవండీ!” అని నేను పెట్టిన కేకకి మా ఆయన గడ్డం గీసుకుంటున్నవాడు సబ్బు మొహంతోనే వచ్చాడు.

“ఇది కూడా పోయిందండీ,” అన్నాను.

ఆయన డబ్బాలోకి చూసి, “ఓ, అదా,” అన్నాడు. “నిన్న ఖాళీ అయిందని నేనే నింపాను. పాతవి తేజ కాయలు. ఇవి బాడిగ రకం. రంగుకి వాడతారు. కారం ఉండదు.”

“కారం లేకపోతే లేకపోనీండి, వాసన ఉంటుందిగా!”

“ఎందుకుండదూ, కమ్మగా ఉంది,” అన్నాడాయన డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని. “నీకు తెలియట్లేదా?”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు ఒక్కసారిగా వెలిగింది. వెలగ్గానే నా నెత్తి మీద నేనే ఒకటి మొట్టుకున్నాను. ఘాటు వాసన కాదు! అది మంట. ఉల్లిపాయ కోస్తే కంట్లో నీళ్ళొస్తాయే, అది ఉల్లిపాయ వాసన వల్లా? వేరే నరం, వేరే దారి. నేనే బోర్డు మీద ఆ రెండిటికీ వేరువేరు రంగు సుద్దలతో గీతలు గీసి చెబుతాను. మూడు నెలలకి పైగా నేను ముక్కుకి వాత పెట్టుకుంటూ, వాసన వస్తోందని సంబరపడ్డాను. ఏ కోనసీమ మనిషో అయితే గులాబీలు పెట్టుకుని, రాలేదని ఒప్పుకుని ఉండేది. మన దగ్గర వాసన అన్నా ఘాటన్నా ఒకటే అయిపోయింది. “వంట ఘుమఘుమలాడుతోంది” అని ఎవరైనా అంటే, ముందు నాలుగు తుమ్ములు తుమ్మి ఉంటారు.

“అయితే మొదట్నుంచీ ఏమీ రాలేదన్నమాట,” అన్నాడు ఆయన. ఈసారి ఆటపట్టించలేదు. అది ఇంకా కష్టంగా ఉంది నాకు. డబ్బాలన్నీ తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను.

మానేద్దామనే అనుకున్నాను. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుని వచ్చి, అలవాటు కొద్దీ బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగా డబ్బాల్లేవు. చేతులకి ఏం చెయ్యాలో తోచలేదు. కాఫీ తాగబుద్ధి కాలేదు. నాకే విచిత్రంగా అనిపించింది. జీవితంలో ఏదీ రెండో వారం దాటించనిదాన్ని, ఇదేంటి, ఇది నన్ను పట్టుకుందా? ఆ చురుక్కుమనే అబద్ధమే లేకపోతే నేను దసరాకే మానేసి ఉండేదాన్ని. ఏదో వస్తోందన్న భ్రమ నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఇప్పుడు భ్రమ పోయింది, కూర్చోవడం మిగిలింది. ఇది మంచికో చెడుకో తేల్చుకోలేకపోయాను గానీ, లేచి వెళ్ళి కొత్త డబ్బాలు సర్దాను. మిరపకాయ బదులు ధనియాలు పోశాను. ధనియాలు అబద్ధం చెప్పవు.

ఆ తర్వాత రోజులు ఒకదానికొకటి తేడా లేకుండా గడిచాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. కూర్చున్నాను, పీల్చాను, గుర్తు తెచ్చుకున్నాను. గుర్తు తెచ్చుకోవడంలో మాత్రం ఒక వింత ఉంది. ధనియాలు ఎలా ఉంటాయి అని రోజూ వెతుకుతుంటే, ఎప్పటివో గుర్తొచ్చేవి. చిన్నప్పుడు జలుబు చేస్తే అమ్మ పెట్టిన కషాయం, ఆ గ్లాసు అంచు సొట్ట, వద్దని నేను పెట్టిన పేచీ. అన్నీ వచ్చేవి, వాసన తప్ప.

సంక్రాంతి దాటాక ఒక రోజు కాఫీ పొడి డబ్బాలోంచి ఏదో వచ్చింది. కాలిన టైరు వాసన! పరమ దరిద్రంగా ఉంది. నేను ఎగిరి గంతేశాను. మా ఆయన్ని పిలిచి, “కాఫీ కంపు కొడుతోందండీ!” అని పండగలా చెప్పాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, “మంచి సూచన మేడం, తెగిన తీగలు మళ్ళీ కలుస్తున్నాయి, ముందు తప్పుగా కలుస్తాయి,” అంది. రోజూ తాగే రెండు కాఫీలూ మానేశాను గానీ, పొద్దున ఆ టైరు వాసన కోసం మాత్రం ఎదురు చూసేదాన్ని. మిగతా మూడూ మొండికేసి కూర్చున్నాయి.

మాఘం వచ్చింది. సెలవు పెట్టి ఊరెళ్ళాను. దారి పొడుగునా చేలల్లో మిరపకాయ ఎర్రగా పండి ఉంది, అక్కడక్కడ ఆఖరి పత్తి తీస్తున్నారు. కళ్ళాల్లో ఎండబోసిన కాయ మీదుగా గాలి వస్తే బస్సులో సగం మంది దగ్గారు. నేనూ దగ్గాను. ఈసారి మోసపోలేదు.

అమ్మ అప్పటికే కాయలు కడిగి, గుడ్డ మీద ఆరబోసి, తొడిమలు తీయించి సిద్ధంగా ఉంది. ముక్కు సంగతి ఆవిడకి నిజం చెప్పలేదు నేను. దీపావళికి అంత గొప్పగా చెప్పాక ఏ మొహం పెట్టుకుని చెప్పను? కాయలు, ఉప్పు, పసుపు, చింతపండు వేసి కచ్చాపచ్చాగా తొక్కి జాడీకెత్తాం. మూడోనాడు పొద్దున తిరగదీయడానికి కూర్చున్నాం. అమ్మ మంచం మీద, నేను కింద పీట మీద, మధ్యలో జాడీ.

“చూడు. ఉప్పు సరిపోయిందా?” అంది అమ్మ.

వంగాను. ఆవిడలాగే కళ్ళు మూసుకుని పీల్చాను. ఘాటు నషాళానికంటింది. దాని వెనక ఏదైనా ఉందేమోనని వెతికాను. ఇంట్లో ఇన్ని నెలలు చేసిన సాధనంతా పెట్టి వెతికాను. ఏమీ లేదు. కళ్ళు తెరిచి, “ఇంకో గుప్పెడు పడుద్దేమో,” అన్నాను, గాల్లో రాయి వేసినట్టు.

అమ్మ నా వంక చూసింది. “నీకేం తెలవట్లా గదా,” అంది.

ఇంక దాచలేకపోయాను. బాడిగ కాయ దగ్గర్నుంచి కాలిన టైరు దాకా అంతా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. “నీ దగ్గర ఈ ఒక్కటీ నేర్చుకుందామనుకున్నానే. ఈ ఒక్కటీ! నువ్వు వాసన చూస్తావు, నేను పీలిస్తే ఎదురుగా గోడే. ఎలా నేర్చుకోను?” అని అమ్మ మీదే కసురుకున్నాను, తప్పంతా ఆవిడదైనట్టు.

అమ్మ కొంగుతో నోరు మూసుకుంది. ఏడుస్తోందేమోననుకున్నాను. నవ్వుతోంది.

“ఏందే నవ్వు?”

“నాకు మాత్రం తెలుస్తందా ఏందే?” అంది. “ఎప్పుడో పోయింది నాకు.”

నాకు అర్థం కాలేదు. “ఏం పోయింది?”

“ముక్కే. మీ నాన్న పోయినాక కొన్నేళ్ళకి. జ్వరమా ఏమన్నానా? పొద్దుగూకినట్టు పోయింది, మెల్లగా. ఒకనాడు చూసుకుంటే లేదు.”

“మరి ఇన్నేళ్ళూ జాడీలో ముక్కు పెట్టి, ఒక గుప్పెడు, అర గుప్పెడు అని…”

“చెయ్యి చెప్పిద్దే. కలిపేటప్పుడు ముద్ద బిగుసుకుంటే ఉప్పు చాలనట్టు, చేతి నుంచి జారితే చాలినట్టు. ఎన్నేళ్ళు కలిపిన చెయ్యి ఇది!”

“అయితే ముక్కెందుకు పెట్టడం? మమ్మల్ని మోసం చెయ్యడానికా?”

“మోసమెందుకే? అలవాటు. ముక్కు పెట్టకపోతే నాకు చెయ్యి కదలదు.” మళ్ళీ నవ్వింది. “చెబితే మీరు తింటారా? ముసల్దానికి ముక్కు పోయింది, పచ్చడి జాగర్తని మూతులు తిప్పరూ?”

నాకు కోపం వచ్చింది. నవ్వొచ్చింది. అన్నిటికంటే ఎక్కువ దిగులేసింది. నేను ఆలస్యం చేశాను, అది ఒక్క ఏడాది ఆలస్యం కాదు. వాసనతో ఉప్పు చూసే విద్య ఎప్పుడో అమ్మని వదిలి వెళ్ళిపోయింది. దానికోసం పరుగెత్తుతున్నాననుకుని, లేనిదాని వెనక పరుగెత్తాను. పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషికి వాసన తెలియదని, జువాలజీ చెప్పే నేను, ఒక్కసారి కూడా కనిపెట్టలేదు.

“చెయ్యి పెట్టు,” అంది అమ్మ. మోచేతి దాకా జాడీలోకి పెట్టించింది. కలిపించింది. బిగుసుకుంటోందా, జారుతోందా అని అడిగింది. నాకేం తెలుస్తుంది? మంట తప్ప. ఒక గుప్పెడు ఉప్పు వేయించి మళ్ళీ కలపమంది. నిజంగానే ఏదో మారింది, ముద్ద వేళ్ళని వదిలినట్టనిపించింది. అనిపించిందో, అలా అనిపించాలని కోరుకున్నానో. ఆ సాయంత్రం చేతులు మండుతుంటే మజ్జిగలో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. అమ్మ పక్కన చేరింది.

“రోజూ ఆ డబ్బాలు చూస్తన్నావా ఇంకా?” అంది.

“చూస్తున్నా. ఏం లాభం?”

“మానమాక.” తర్వాత, నాతో కానట్టు, వీధిలోకి చూస్తూ అంది: “నీకు గనక వస్తే, నా పచ్చడి ఎట్టా ఉందో నాకు చెప్పవే. మర్చిపోయా. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రావట్లా.”

ఆవిడ జీవితంలో నన్ను అడిగినవి చాలా తక్కువ. తమ్ముణ్ణి అడుగుతుంది, కోడల్ని అడుగుతుంది, నన్ను అడగదు, నాకు తీరిక లేదని. అడక్క అడక్క ఇది అడిగింది.

గుంటూరు వచ్చాక ఇంక నేను మానే ప్రశ్న లేదు. అంతకు ముందు నా కోసం పీల్చాను. రానప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు విసుక్కునే హక్కు నాది కాదనిపించింది. పొద్దున బల్ల, నాలుగు డబ్బాలు, సాయంత్రం బల్ల, నాలుగు డబ్బాలు. ప్రయాణాల్లో సంచిలో డబ్బాలు. పరీక్షల డ్యూటీలో స్టాఫ్ రూములో తీసి చూస్తుంటే, “ఏంటండీ, నస్యమా?” అన్నాడొకాయన. “అవును, మీకూ కావాలా?” అని ధనియాల డబ్బా మొహం మీద పెట్టాను. ఎండలు ముదిరేసరికి కాఫీ టైరు నుంచి కాలిన కాగితంలోకి దిగింది. నిమ్మతొక్క ఒక రోజు వచ్చి, వారం రోజులు పోయి, మళ్ళీ వచ్చింది. లవంగం వచ్చిన రోజు నమ్మలేక మా ఆయన చేత కళ్ళకి గుడ్డ కట్టించుకుని పరీక్ష పెట్టించుకున్నాను. పాసయ్యాను. అమ్మ కట్టిచ్చిన పచ్చడి జాడీ మాత్రం వాసన కోసం తెరవలేదు. రోజూ గాలి తగిలితే పాడవుతుందని అమ్మ చెప్పింది. అదీగాక, తెరిచి చూసి ఏమీ లేదంటే అమ్మకి ఏం చెప్పను?

తొలకరి పడ్డాక, కాలేజీలు తెరిచిన కొత్తలో, ఒక పొద్దున వాడకానికి బయటపెట్టుకున్న చిన్న పచ్చడి సీసా ఖాళీ అయింది. మా ఆయన ఇడ్లీల ముందు కూర్చుని పచ్చడేదని గోల. జాడీ గుడ్డ విప్పి, మూత తీసి, గరిట పెట్టాను. ఘాటు ఎప్పటిలాగే తన్నింది. ఘాటుని నమ్మడం నేను మానేసి చాలా కాలమైంది. తుమ్మి, కళ్ళు తుడుచుకుని, అది సర్దుకునేదాకా ఆగాను. మళ్ళీ వంగాను, మెల్లగా.

ఉంది.

గరిట అక్కడే వదిలేసి ఫోన్ తీసుకున్నాను. అమ్మే ఎత్తింది. “అమ్మా, వచ్చింది. పచ్చడి దగ్గరున్నా,” అన్నాను. అవతల మంచం కిర్రుమంది, లేచి కూర్చుంది.

“ఎట్టా ఉంది?”

“చింతపండు వాసన, మెంతిపిండి వాసన, ఇంగువ…”

“అయ్యన్నీ నేను వేయించినయ్యేగా, నాకు తెలవదా! వాసన చెప్పవే.”

ఏమని చెప్పను? పుల్లన, తియ్యన, చేదు అని నాలిక్కి మాటలున్నాయి. ముక్కుకి ఏమున్నాయి? ఏ వాసన అడిగినా దాని పేరే చెబుతాం. మల్లెపూల వాసన ఎలా ఉంటుందంటే మల్లెపూలలాగా. జాడీలోకి మళ్ళీ వంగాను. బుద్ధెరిగినప్పటి నుంచి ఈ పచ్చడి తింటూనే ఉన్నాను, ఒక్కసారి కూడా దీని వాసన ఇలా ఆగి చూడలేదు. ముందు ఘాటొచ్చి కళ్ళు మూయించేది, దాని వెనక ఏముందో ఎవరికి కావాలి? ఇప్పుడు వెనకున్నది తెలుస్తోంది. నాకే ఆశ్చర్యంగా ఉంది.

“అమ్మా, తియ్యగా ఉందే,” అన్నాను. “కారం అడుగున తియ్యగా ఉంది. పండు వాసన. బాగా మగ్గిన పండు ఎండలో పెడితే వేడెక్కుతుందే, అలాగ. మధ్యాహ్నం పూట కళ్ళంలో కాయ తిరగేస్తే, కింద పచ్చిగా ఉన్న వైపు నుంచి ఒక ఆవిరి వస్తుంది చూడూ, అది. కొంచెం బెల్లం. కొంచెం తడిమన్ను.”

ఫోన్ కట్టయిందేమోనని చూశాను. లేదు.

“అమ్మా?”

“ఉండు,” అంది చాలా మెల్లగా. “ఉండవే. మాట్లాడమాక. వస్తంది.”

నేను జాడీ పక్కన నిలబడి ఊరుకున్నాను. అవతల ఆవిడ ఊపిరి పీల్చడం వినపడింది. ఒకసారి. ఇంకోసారి. ఇడ్లీ చేత్తో పట్టుకుని మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, నా మొహం చూసి అక్కడే ఆగిపోయాడు.

“తియ్యగా ఉంటది,” అంది అమ్మ చివరికి. “అవునే, తియ్యగానే ఉంటది. ఎట్టా మర్చిపోయా?” ఆ తర్వాత, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది: “ఇంకోసారి చెప్పవే.”

చెప్పాను. ఆ రోజు మొదటి పీరియడ్‌కి వెళ్ళలేదు.